మా గోడకి వేలాడుతున్న బేస్ గిటార్ గారికి

మహారాజశ్రీ బేస్ గిటార్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని తెలుసు, సోఫాలోంచి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే వేలాడుతున్నారు కాబట్టి. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని అడిగితే నాకు ఏడుపొస్తుంది.

మర్యాద ఇంతటితో సరి. ఇకనుంచి నువ్వు అంటాను. ఏడాదిన్నరగా నీ ఈఎమ్ఐ కడుతున్నవాణ్ణి, ఆ మాత్రం చనువు ఉంటుంది.

నీ వల్లే కదా నేను ఆ వాట్సాప్ గ్రూపులో చేరింది! బేస్, అంటే పాట కింద నడిచే లావు స్వరాలు, వాయించేవాళ్లం రెండు వందల మందిమి ఉంటాం. అందులో నాలాంటివాళ్లే ఎక్కువ. పగలు ల్యాప్‌టాప్, రాత్రి బేస్. దీంతోనే అన్నం తినేవాళ్లు, అంటే రికార్డింగులకీ స్టేజీ షోలకీ వెళ్లేవాళ్లు, నలుగురో ఐదుగురో. ఎవరు ఏ బాపతో పేర్లు చూడకుండానే చెప్పొచ్చు. మేము గిటార్ చెక్క గురించి మాట్లాడతాం. వాళ్లు పేమెంట్ గురించి మాట్లాడతారు.

ఒకసారి మాలో ఒకాయన అడిగాడు: "మాస్టారూ, వార్మ్ టోన్ రావాలంటే ఏ కంపెనీ స్ట్రింగ్స్ వాడాలి?" రెండు రోజుల తర్వాత, రికార్డింగు ముగించుకుని కాబోలు, రాత్రి రెండింటికి జవాబొచ్చింది. "ఉన్నవి వాడండి."

తెల్లారేసరికి ఆ రెండు మాటలకి వ్యాఖ్యానాలు పుట్టాయి. అమెరికాలో మోటౌన్ అనే కంపెనీ పాటల రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదని ఒకాయన సాక్ష్యం తెచ్చాడు. వెంటనే నలుగురు కొత్త సెట్లు ఆర్డర్ పెట్టారు, ఇప్పట్నుంచే పాతబెట్టడానికి. జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడని తెలిసి నేను మిగతా వేళ్లకి సెలవిచ్చాను. ఆయనకి ఒక వేలు సరిపోయిందనీ, నాకు పదీ చాలట్లేదనీ వారం తర్వాత తెలిసింది.

అసలు ఆ పెద్దవాళ్లు మా మధ్యకి ఎందుకొస్తారో మొదట్లో నాకు అర్థం కాలేదు. లీడ్ గిటార్ మాస్టర్లు ఇలా రారు. వాళ్లకేం అవసరం? సోలో రాగానే లైటు వాళ్ల మీద పడుతుంది, సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. నీ మనిషి మాత్రం డ్రమ్స్ పక్కన చీకట్లో నిలబడి తల ఊపుతుంటాడు. మా గ్రూపులో ఒక మాస్టారు రిసెప్షన్‌లో వాయిస్తుంటే పెళ్లికూతురి మేనమామ దగ్గరికొచ్చి, "బాబూ, నీ గిటార్‌కి రెండు తీగలు తెగిపోయినట్టున్నాయి, చూసుకో" అన్నాడట. బేస్‌కి ఉండేవే నాలుగు. ఆ మాత్రం చూసినందుకే ఆయన సంతోషించారు. మరుసటి ఏడాది అదే ట్రూపులో ఆయన చోటు తీసేశారు. కింది స్వరాలు నొక్కడానికి కీబోర్డ్ అబ్బాయికి ఎడమచెయ్యి ఉండగా బేస్‌కి ఇంకో మనిషి, ఇంకో భోజనం ప్లేటు ఎందుకన్నది నిర్వాహకుల లెక్క.

రెహమాన్ పాటలు తెలియని ఇల్లుంటుందా? వాటిలో ఎన్నింటికో బేస్ వాయించిన కీత్ పీటర్స్ పేరు చెప్పి చూడు, "క్రికెటరా?" అంటారు. జేమర్సన్ సంగతీ అంతే. ఊరూరా ఆ పాటలకి కాళ్లు కదిలాయి గానీ, 1971 దాకా మోటౌన్ రికార్డు అట్టల మీద ఆయన పేరు లేదు. అందుకే మాస్టర్లు మా దగ్గరికొస్తారు. "ఆ పాటలో రెండో చరణం కింద నడిచింది మీరేనా సార్?" అని అడిగేవాళ్లం లోకంలో మేము తప్ప ఎవరున్నారు? వాళ్లు మాతో ఉంటే మేమూ బేసిస్టులమే అనిపిస్తుంది. వాళ్లకి వినే చెవులు, మాకు బిల్డప్. ఎవరికీ నష్టం లేని వ్యాపారం.

అలా ధైర్యం తెచ్చుకునే ఒక రాత్రి నిన్ను వాయించి గ్రూపులో పెట్టాను. నిమిషంలో మంటల బొమ్మలు, "సూపర్ బ్రో", "గ్రూవ్ అదిరింది". తీరా చూస్తే అందరూ ఫోన్ స్పీకర్‌లోనే విన్నారు. నీ లావు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అంత కింది శబ్దం ఫోన్‌లోంచి రానే రాదు. అంటే నన్ను మెచ్చుకున్నవాళ్లెవరూ నన్ను సరిగ్గా వినలేదు. మర్నాడు ఒక మాస్టారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. "బాగుందండీ. డ్రమ్స్‌లో కిక్ ముందొస్తోంది, మీరు తర్వాత వస్తున్నారు. దారిలో టీ తాగుతున్నారా?"

దానికి కూడా నేను ఏమీ అనుకోలేదు. పోయిన శనివారం సంగతే మింగుడు పడట్లేదు.

ఆ మాస్టారి బేస్‌కి నెక్ వంగింది, సాయంత్రం రికార్డింగు. "మీది ఒకసారి ఇస్తారా అండీ?" అని ఫోన్. నేనే కారులో, సీటు బెల్టు పెట్టి మరీ, నిన్ను తీసుకెళ్లాను. తీరా అడిగితే తెలిసింది, నీ ధరకి ఆయన దగ్గరున్నట్టివి రెండు వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. నాలుగు నెలలు వీడియోలు చూసి నేను సెట్ చేసుకున్న నాబ్‌లని ఆయన చూడకుండానే తిప్పేశారు. జేబులోంచి కర్చీఫ్ తీసి మడతపెట్టి, తీగల చివరలు ఆనే బ్రిడ్జి దగ్గర వాటి కింద దోపారు. తాళం లెక్కపెట్టే క్లిక్ మొదలైంది. ఆ లావు తీగని ఊరికే, ఎడమచెయ్యి ఆనించకుండా, ఒక్కసారి మీటారు.

ఏమే, ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?

అదే తీగ, అదే నోటు. రోజూ రాత్రి నేను మీటేది అదే కదా! నా దగ్గర తలనొప్పి వచ్చినదానిలా మూలుగుతావు. అక్కడ మాత్రం స్టూడియో నేల నా చెప్పుల్లోంచి కదిలింది. పాట మొత్తం ఆయన వాయించింది నాలుగైదు నోట్లే. మధ్యమధ్య ఆపేసి ఊరుకున్నారు. ఆ ఊరుకున్న చోట కూడా నువ్వు బాగున్నావు!

నీ పుట్టుక గురించి తెలియనివాణ్ణి కాను. 1951లో నీ జాతిని బజారుకి తెచ్చిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడమే రాదు, రేడియోలు బాగుచేసుకునే మనిషి. నిలువెత్తు డబుల్ బేస్ మోయలేనివాళ్లు, నెక్ మీద మెట్లు (ఫ్రెట్లు) లేని చోట వేలు ఎక్కడ ఆనించాలో తెలియనివాళ్లు కూడా వాయించుకోవాలనే నిన్ను అలా చేశాడు. బీటిల్స్ బృందంలో స్టువర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకున్నాక బేస్ మోయడానికి ఎవరూ ఇష్టపడకే అది పాల్ మెకార్ట్‌నీ మెడలో పడింది. కరోల్ కే అనే ఆవిడ అసలు గిటారిస్టు. 1963లో ఒక సెషన్‌కి బేస్ మనిషి రాకపోతే ఆవిడ చేతికిచ్చారు. అనుకోకుండా వచ్చినవాళ్లని ఆదరించే వంశం కదా మీది, నా దగ్గరికొచ్చేసరికే కులగోత్రాలు గుర్తొచ్చాయా?

పనయ్యాక మాస్టారు నిన్ను రెండు చేతులతో నాకిస్తూ, "మంచి వాయిద్యం అండీ. కొంచెం వాయించండి దీన్ని" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడ్డారు. నా మీద కాదు, నీ మీద. తర్వాత మెట్ల దగ్గర గొంతు తగ్గించి, "మీ ఆఫీసులో మావాడికి ఏమన్నా చూస్తారా? డిగ్రీ అయింది. ఇందులోకి మాత్రం రానివ్వను" అన్నారు. ఆయన వేళ్లు చూసి నేను కుళ్లుకుంటుంటే, ఆయన నా మెడలోని ఐడీ కార్డు వైపు చూస్తున్నారు.

రేపు శనివారం నువ్వు మళ్లీ కావాలట. సరే అన్నాను. కవర్ తుడిచి పెట్టాను కూడా. ఆయన కర్చీఫ్ ఇంకా నీ బ్రిడ్జి దగ్గరే ఉంది, తీయలేదు. నిన్న రాత్రి దాంతోనే వాయించాను. కింది ఫ్లాట్ వాళ్లు మొదటిసారి బెల్ కొట్టలేదు. బాగుండి ఊరుకున్నారో, వినపడక ఊరుకున్నారో నీకే తెలియాలి.

ఇట్లు,
ఇంకా ఆరు ఈఎమ్ఐలు మిగిలున్న నీ యజమాని