‘ఆర్‌సీఎం వాళ్లది క్రియల రక్షణ’ అనే మెసేజ్‌కు జవాబు

కడప, కర్నూలు, అనంతపురం సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ క్యాథలిక్కులు, క్రియలతో రక్షణ సంపాదించుకోవాలంటారట, మిగతా సంఘాలన్నీ విశ్వాసం చాలంటాయట. రక్షణ విశ్వాసం ద్వారా కృపచేతనే, క్రియలవల్ల కాదనే ఎఫెసీ 2:8-9తో వాదన ముగిసిపోయిందట. యాకోబు పత్రిక అడ్డొచ్చిందని, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ దాన్ని బైబిల్లోంచి తీసేశాడట. ఒకసారి దొరికిన రక్షణ ఇక పోదని ప్రొటెస్టెంట్లందరూ ఒప్పుకుంటారట. ఈ నాలుగింట్లో ఒక్కటీ నిలబడదు.

మొదటి మాట. 1547 జనవరిలో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ ఈ విషయం మీద చేసిన తీర్మానాల్లో మొట్టమొదటిది చూడండి: క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా, సొంత క్రియలతోనే మనిషి నీతిమంతుడు కాగలడనేవాడు శాపగ్రస్తుడు. నీతిమంతుడు కాకముందు మనిషిలో ఉన్నదేదీ, విశ్వాసమైనా క్రియలైనా, ఆ కృపను సంపాదించిపెట్టదని కూడా అదే సభ చెప్పింది. కాబట్టి తగాదా మొదటి అడుగు దగ్గర లేదు, ఆ తర్వాత ఉంది. కృప మనిషిని లోపలినుంచే మారుస్తుందని, ఆ కృపతో చేసే క్రియలవల్ల నీతి పెరుగుతుందని క్యాథలిక్కులు అంటారు. దేవుని ముందు నిలబెట్టేది మన లెక్కలో వేసిన క్రీస్తు నీతి ఒక్కటేనని, క్రియలు దాని ఫలాలే తప్ప ఆధారం కావని లూథరన్లు అంటారు. ఇది చిన్న తేడా కాదు. అయినా 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇరుపక్షాలూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి: దేవుడు మనల్ని అంగీకరించేది మన అర్హతను బట్టి కాదు, కృప చేతనే. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ (కాల్విన్ మార్గం) సంఘాలు దానితో కలిశాయి.

ఎఫెసీ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: మెసేజ్ 9వ వచనం దగ్గర ఆగింది. దేవుడు ముందుగా సిద్ధం చేసిన సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని 10వ వచనం చెబుతోంది. ఫార్వర్డ్ చేసేముందు ఇంకో వచనం చదివితే పోయేదేముంది?

యాకోబు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మనిషి విశ్వాసంతో మాత్రమే కాదు, క్రియలవల్ల నీతిమంతుడౌతాడని ఆయన 2:24లో అంటాడు. పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు, కానీ వేర్వేరు సమయాల్లో. రోమా 4లో పౌలు పట్టుకున్నది ఆదికాండం 15: అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. అప్పటికి సున్నతి లేదు. అది 17వ అధ్యాయంలో, 99వ ఏట. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకు 86 ఏళ్లు గనుక మధ్యలో కనీసం 13 ఏళ్లున్నాయి. అన్యజనులు సున్నతి పొందాల్సిందేనని పట్టుబట్టేవాళ్లకు పౌలు ఇచ్చే జవాబు ఆ వ్యవధిలోనే ఉంది. యాకోబు చూపేది 22వ అధ్యాయం, బలిపీఠం మీద ఇస్సాకు. ఆయన ఎదుట ఉన్నది బట్టల్లేని సహోదరునితో ‘సమాధానంగా వెళ్లు, చలి కాచుకో’ అని చెప్పి పంపేసే మనిషి. అలాంటి నమ్మకం దయ్యాలకూ ఉందంటాడు. నీతి పెరుగుతుందనడానికి ట్రెంట్ సభ యాకోబు 2:24నే చూపించింది. ప్రొటెస్టెంట్ బోధకుడు కాల్విన్ మాత్రం, క్రియలు అప్పటికే ఉన్న నీతిని రుజువు చేస్తాయని చదివాడు.

లూథర్ 1522లో యాకోబు పత్రికను గడ్డితో పోల్చిన మాట నిజమే. హెబ్రీ, యూదా, ప్రకటనలతో కలిపి దాన్ని చివరికి జరిపి, విషయసూచికలో వరుస సంఖ్య ఇవ్వలేదు. కానీ అనువదించాడు, అచ్చు వేయించాడు. తీసేయలేదు.

ఇక ‘రక్షణ పోదు’ అన్నది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 12వ అంశంలో లూథరన్లు ఆ వాదాన్నే ఖండించారు. కృప పొందాక కూడా పడిపోవచ్చని, కృపతోనే మళ్లీ లేవవచ్చని ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ సంఘం వాళ్ల) 39 నిబంధనల్లో 16వది చెబుతుంది. నంద్యాల వైపు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో చాలావాటికి పునాది ఆంగ్లికన్ మిషనే. అక్కడ ఈ మెసేజ్ పంపేవాళ్లు తమ తాతల సంఘాన్నే ప్రొటెస్టెంట్ల జాబితాలోంచి కొట్టేస్తున్నారు. హెబ్రీ 6:4-6లో పడిపోయినవాళ్లు నిజమైన విశ్వాసులేనని వెస్లీ మార్గంవాళ్లు, అంటే మెథడిస్టులు, చదువుతారు. వాళ్లు పైకి మాత్రమే సంఘంలో ఉన్నవాళ్లని కాల్విన్ మార్గంవాళ్లు అంటారు, తన గొర్రెల్ని ఎవరూ తన చేతిలోంచి లాక్కోలేరని యేసు చెప్పిన యోహాను 10:28 చూపిస్తారు. రక్షణ పోదని గట్టిగా చెప్పిన కాల్విన్ మార్గంవాళ్ల 1618-19 డార్ట్ సభ కూడా, విశ్వాసులు ఘోరపాపంలో పడి కొంతకాలం కృపానుభవాన్ని పోగొట్టుకోవచ్చని, పశ్చాత్తాపంతోనే తిరిగి దారికొస్తారని రాసిపెట్టింది.