రెండు డిగ్రీల దర్జా

శ్రీకాకుళంలో వీధికో ఉష్ణ శాస్త్రవేత్త తయారయ్యాడు. కంప్యూటర్‌కి ప్రాసెసర్ వేడిని నీళ్లతో లాగేసే వాటర్ కూలింగ్ బిగించిన మర్నాడే "పది డిగ్రీలు తగ్గిందిరా!" అని ప్రకటిస్తాడు. పాత కూలర్‌ని చూసింది మే నెల మిట్టమధ్యాహ్నం, కొత్తదాన్ని చూసింది డిసెంబరు తెల్లవారుజామున. అరసవల్లి సూర్యనారాయణస్వామికి దక్కాల్సిన పేరు ఏదో కంపెనీకి కట్టబెట్టడం మన జిల్లావాళ్లకి భావ్యమేనా?

కనక గది వేడిని తీసేసి చెప్పండి బాబూ. గది 34, ప్రాసెసర్ 70 అయితే లెక్క 36. గది 26, ప్రాసెసర్ 62 అయినా అదే 36. ఆ గది వేడిని కూడా రేడియేటర్ (వేడెక్కిన ఆ నీళ్లని గాలితో చల్లార్చే జాలీ) గాలి పీల్చేచోట కొలవాలి, కేలండర్ మేకు దగ్గర కాదు.

బడ్జెట్ తక్కువైతే, వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్లు రెండు చాలు. దశాంశం తర్వాత నాలుగంకెలు చూపిస్తాయి గానీ, తయారీదారు హామీయే అర డిగ్రీ అటూ ఇటూ. చెరుకురసం బండి దగ్గర ఐసు అడిగి, దంచి, కాస్త నీళ్లు పోసి, గ్లాసు గోడకి తగలకుండా రెండూ ముంచండి. సున్నా రావాలి. రాకపోతే ఎవరు ఎంత అబద్ధమాడుతున్నారో రాసిపెట్టుకోండి. నిమిషానికి లీటరు పారే నీటికి వంద వాట్ల వేడి తగిలితే, ప్రాసెసర్ దగ్గరికి వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ తేడా ఒకటిన్నర డిగ్రీ లోపే మరి! చెరో అర డిగ్రీ తప్పు చెప్పే ఇద్దరు సాక్షులతో ఆ కేసు గెలవగలరా?

ప్రవాహం కొలవడానికి స్నానాల గదిలో మగ్గూ, ఫోన్‌లో స్టాప్‌వాచీ ఉన్నాయి. ప్రాసెసర్‌కీ, దాని వేడిని నీళ్లకి అందించే లోహపు బ్లాకుకీ మధ్య రాసే పేస్టు మాత్రం తుడిచి, రాసి, బ్లాకు మళ్లీ బిగించి మూడుసార్లైనా చూడాలి. రెండు కూలర్ల మధ్య తేడాకన్నా మనం బిగించే తీరే ఎక్కువ తేడా తేవచ్చు.

అన్నిటికన్నా కష్టం, కూర్చోవడం. వంద వాట్లు పెట్టినా లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కడానికి నలభై సెకన్ల పైమాటే. అరగంటైనా ఆగాలి. ఐదో నిమిషంలో స్క్రీన్‌షాట్ తీసేవాడు ఎసట్లో బియ్యం పోసి అప్పుడే విస్తరి వేసేరకం.

ఆ అరగంటా సీలింగ్ ఫ్యాను స్పీడు మార్చకూడదు, కరెంటు పోకూడదు, తలుపు తియ్యకూడదు. సరిగ్గా చివర్లో అమ్మ వస్తుంది. "ఏట్రా, ఈ ఉక్కలో ఫ్యాను కట్టేసి కూకున్నావు? పిచ్చెక్కిందేటి?" అని రెగ్యులేటర్ ఐదులో పెట్టి వెళ్లిపోతుంది. కాసేపటికి ప్రాసెసర్ రెండు డిగ్రీలు తగ్గిందనుకోండి, పైసా ఖర్చులేని ఆ ఫలితాన్ని కూడా పట్టికలో రాయండి, అమ్మ పేరుమీద.