వడిసెల చేతికొచ్చిన వారానికే కుందేలు మీదికి వెళ్లకండి

పాతకాలపు ఆయుధాలతో వేట అంటూ ఈమధ్య వీడియోలు తెగ వస్తున్నాయి. వడిసెలలో రాయి గిర్రున తిరుగుతుంది, కుందేలు పడిపోతుంది, అంతే. అంతకుముందు గురి తప్పిన యాభై రాళ్లను, దెబ్బ తిని పారిపోయిన జంతువును ఎవరూ చూపించరు. అవి చూసి నిన్న తాడు అల్లుకున్నవాడు ఈరోజు వేటకు బయల్దేరుతున్నాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నేనూ ఆ తప్పు చేశాను కాబట్టే చెప్తున్నాను. వడిసెల పట్టిన మొదటి ఏడాది, పది రాళ్లలో మూడు డబ్బాకు తగులుతున్నాయన్న ధీమాతో ఒక కుందేలు మీద విసిరాను. రాయి వెనక కాలికి తగిలింది. అది ఆ కాలు ఈడ్చుకుంటూ ముళ్లపొదలోకి దూరింది, చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వడిసెల అంటే రబ్బరు పంగలకర్ర కాదు. పంగలకర్రలో రబ్బరు లాగి, చూసి, వదులుతాం. వడిసెలలో రెండు తాళ్లు, మధ్యలో రాయి పెట్టే జాలె. ఒక తాడు కొస వేలికి ఉంటుంది, రెండోది సరైన క్షణంలో వదలాలి. ఆ క్షణం ఎంత చిన్నదో లెక్క వేసి చూడండి. చెయ్యి, తాడు కలిపి మీటరు పొడవు అనుకుందాం, రాయి వేగం సెకనుకు 30 మీటర్లు. సెకనులో నూరో వంతు ముందో వెనకో వదిలితే రాయి దాదాపు 17 డిగ్రీలు పక్కకు పోతుంది, అంటే 20 మీటర్ల దూరంలో 6 మీటర్ల తేడా! కుందేలు తల ఎంత ఉంటుంది?

వడిసెలతో రాయిని 400 మీటర్లకు పైగా విసిరిన వాళ్లున్నారు, నిజమే. దూరం వేరు, గురి వేరు. స్పెయిన్ దగ్గరి బలియారిక్ దీవుల పాతకాలపు వడిసెలగాళ్లు పేరు మోసింది యుద్ధాల్లో, ఎదురుగా ఉన్నది సైన్యం. పైగా వాళ్లు చిన్నపిల్లలప్పటి నుంచే సాధన చేసినవాళ్లు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పశువుల కాపరులు వడిసెల వాడేది ఎక్కువగా మందను మళ్లించడానికి, అక్కడ రాయి పక్కన పడినా పని జరుగుతుంది.

చిన్న జంతువులకు నిజంగా పనికొచ్చింది విసురుకర్ర అని నా గట్టి నమ్మకం. జర్మనీలోని షోనింగెన్‌లో దొరికినవి 2 నుంచి 3 లక్షల ఏళ్ల నాటివి, వాటిలో ఒకటి 64.5 సెంటీమీటర్లు. అంత కర్ర తిరుగుతూ నేలకు దగ్గరగా పోతే దాని పొడవంతా దెబ్బే. ఈజిప్టు సమాధుల గోడల మీద చూడండి, నీటిపక్షులు గుంపుగా లేస్తుంటే కర్ర విసురుతారు. అమెరికాలోని హోపీ ఆదివాసులు కుందేళ్ల వేటకు గుంపుగా వెళ్లేవాళ్లు, చుట్టుముట్టి దగ్గరకు తోలి వంపుకర్రలతో కొట్టేవాళ్లు. ఆస్ట్రేలియా ఆదివాసులు వేటలో జంతువును కొట్టడానికి వాడిన బరువైన బూమరాంగ్ కూడా తిరిగి వచ్చే రకం కాదు. వీళ్లందరికీ జంతువుకు దగ్గరగా వెళ్లడం తెలుసు, ఎప్పుడు విసరకూడదో కూడా తెలుసు. మనం ఆయుధం ఒక్కటే తెచ్చుకుని, ఆ మిగతా చదువంతా వదిలేశాం.

కర్రతోనూ కాళ్లు విరుగుతాయి, అందుకే పక్కన మనిషి ఉండాలి, పడిన జంతువు బాధను వెంటనే ముగించగలగాలి. మీరున్న చోట ఇలాంటి వేటకు చట్టం ఒప్పుకోకపోతే అసలు ఆ ఆలోచనే వద్దు, చెక్క మీద విసురుకోండి. అదీ గొప్ప ఆటే, గంటలు తెలియకుండా గడిచిపోతాయి.

నేను పెట్టుకున్న లెక్క ఇది: 15 మీటర్ల నుంచి, అరచేయి అంత గుర్తు మీద, పదికి తొమ్మిది తగలాలి, అదీ వరసగా నెల రోజులు. ఎనిమిదేళ్లయింది. కర్రతో 15 కాకపోయినా 10 మీటర్లలో ఆ లెక్క అందుకున్నాను. వడిసెలతో పదికి ఆరు దాటడం లేదు, కాబట్టి నా వడిసెల రాళ్లు ఇప్పటికీ చెక్కకే తగులుతున్నాయి.