అమ్మకూడదన్న షరతు

విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్లు ఎక్కడ మిగలాలి, హాస్టళ్లు ఎక్కడ లేవాలి అన్నది ఆర్కిటెక్టు ప్లాను గీయకముందే చాలావరకు తేలిపోతుంది. తేల్చేది భూమి దస్తావేజు.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం సంగతే చూడండి. 1885లో లీలండ్, జేన్ స్టాన్‌ఫోర్డ్ దంపతులు తమ భూమిని రాసిచ్చినప్పుడు దాన్ని అమ్మకూడదని షరతు పెట్టారు. నేటికీ ఆ సంస్థ చేతిలో 8,180 ఎకరాలున్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డబ్బు అవసరం పెరిగింది. భూమి ఉంది, అమ్మడానికి వీల్లేదు. ఇక మిగిలింది లీజు. 1951లో ఇండస్ట్రియల్ పార్కు అలాగే మొదలైంది, షాపింగ్ సెంటర్ కూడా అలాగే వచ్చింది. అక్కడి అధ్యాపకులకు ఇల్లు సొంతం, దాని కింది నేల మాత్రం విశ్వవిద్యాలయానిది. ఆ ఇంటిని అర్హత ఉన్న సిబ్బందికే తిరిగి అమ్మాలి.

అమెరికాలోనే 1862 నాటి మోరిల్ చట్టం భూమిని నిధిగా చూసింది. అమెరికా కాంగ్రెస్‌లో ఒక్కో రాష్ట్రానికి ఉన్న సభ్యుల సంఖ్యను బట్టి, సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు ఇచ్చి, అమ్మిన సొమ్ముతో కాలేజీలు నడుపుకోమంది. చాలా రాష్ట్రాలు తొందరపడి చవగ్గా వదిలించుకున్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని అడవి భూములను అట్టిపెట్టుకున్న కార్నెల్ విశ్వవిద్యాలయం ఎన్నో రెట్లు సంపాదించింది. ఆ భూములన్నీ అంతకుముందు ఆదివాసులవన్న మాట ఇక్కడ మరవకూడదు.

అలాగని లీజు దానంతటదే రక్షణ కాదు. 99 ఏళ్లకు రాసిచ్చేస్తే మూడు తరాల విద్యార్థులకు ఆ నేల లేనట్టే. మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది ‘ఖాళీ స్థలం’ అన్న మాట. కట్టడం లేకపోతే చాలు, ఫైళ్లలో ఖాళీ అని రాసేస్తారు. స్టాన్‌ఫోర్డ్ భూమిలోని జాస్పర్ రిడ్జ్ అనే కొండ ప్రాంతం కూడా ఆ లెక్కన ఖాళీయే. కానీ అక్కడి సీతాకోకచిలుకలను జీవశాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు లెక్కపెట్టారు, 1973లో అది సంరక్షణ ప్రాంతమైంది. అలాంటి లేబొరేటరీని కొత్తగా కట్టుకోలేం.

ప్రతి విశ్వవిద్యాలయం తన భూమి పటాన్ని అందరికీ కనిపించేలా పెట్టాలి. ఏది బోధనకు, ఏది పరిశోధనకు, ఏది ఎన్నటికీ ముట్టకూడనిది అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. దీర్ఘకాలిక లీజు ఏదైనా సరే, సంతకం కాకముందే దాని గడువు, అద్దె, షరతులు విద్యార్థులకూ సిబ్బందికీ చుట్టుపక్కల ఊళ్లవారికీ తెలియాలి. వాళ్ల అభ్యంతరాలను విని, ఏం జవాబిచ్చారో రాతలో పెట్టాలి.