దేవుడి తరఫున వకాల్తా మీకెవరిచ్చారు?

పోయిన వారం చిత్తూరులో మా పిన్ని వాళ్లింట్లో ఆదరణ కూడిక, అంటే చావు జరిగిన ఇంటివాళ్లను ఓదార్చే క్రైస్తవ ప్రార్థన. 24 ఏళ్ల కొడుకు, పలమనేరు నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దాయన బైబిల్లో ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయం తీసి, దేవుడి చర్యలన్నీ న్యాయమే అని చదివాడు, అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. "దేవుడు అన్యాయం చేయడమ్మా, మనింట్లోనే ఎక్కడో లోపం ఉంటుంది, పరీక్షించుకోవాలి" అన్నాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు నోరు మూసుకుని వచ్చేశాను, ఇప్పటికీ కడుపు మండుతోంది.

అయ్యా, ఆ బైబిల్ మేమూ చదువుతాం. ఈ విషయంలో ఆ గ్రంథమే ఒక్క మాట మీద లేదు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదకు వస్తుందని నిర్గమకాండము 20లో ఉంది, యెహెజ్కేలు 18కి వస్తే కొడుకు తండ్రి దోషం మోయడు, పాపం చేసినవాడే చస్తాడు అని ఉంది. దావీదు జనాభా లెక్క తీయిస్తే తెగులు వచ్చి 70,000 మంది పోయారు. లెక్క తీయించింది రాజు, చచ్చింది జనం. "ఈ గొర్రెలేం చేశాయి?" అని దావీదే అడిగాడు. పైగా ఆ పనికి అతన్ని పురికొల్పింది యెహోవాయే అని రెండో సమూయేలు 24, కాదు సాతాను అని మొదటి దినవృత్తాంతములు 21. రాసినవాళ్లకే ఆ మాట గొంతు దిగలేదేమో అని నా అనుమానం.

ఇక యోబు సంగతి. ఏ తప్పూ చేయకుండానే ఆస్తినీ, పదిమంది పిల్లల్నీ పోగొట్టుకున్న మనిషి. ఇతన్ని నిష్కారణంగా పాడుచేయడానికి నన్ను ప్రేరేపించావు అని రెండో అధ్యాయంలో సాతానుతో అంటున్నది సాక్షాత్తూ దేవుడు. నిష్కారణంగా! ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి మన పెద్దాయన చెప్పిందే చెప్పారు. దేవుడి పక్షాన అబద్ధాలాడతారా అని యోబు 13లో వాళ్లను నిలదీశాడు. అవును, 38లో సుడిగాలిలోంచి దేవుడి చీవాట్లు యోబుకూ గట్టిగానే పడ్డాయి, నేను భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అని. కానీ ఇదంతా నీ పాపం వల్లే అని మాత్రం ఎక్కడా లేదు. చివరికి 42లో ఆయన కోపం రగిలింది ఎవరి మీద? ఆయన్ని కడిగేసిన యోబు మీద కాదు, వెనకేసుకొచ్చిన వాళ్ల మీద!

పక్కింటి అక్క ఏటా తిరుమల కొండకు నడిచి వెళ్లే మనిషి, ప్రేమగానే "పూర్వజన్మ కర్మ" అంది. మాట వేరు, దెబ్బ అదే. కొడుకుల శవాల మధ్య నిలబడిన గాంధారి కర్మ అని సరిపెట్టుకోలేదు కదక్కా, ఆపగలిగీ ఆపలేదు నువ్వు, 36 ఏళ్లకు నీ వాళ్లూ ఇలాగే పోతారు అని కృష్ణుణ్ణే శపించింది. తప్పు నీదీ ఉందని ఆయన అన్నాడనుకోండి, అయినా ఆ శాపాన్ని కాదనలేదు.

యోబుకు చివర్లో 7,000 గొర్రెలు 14,000 అయ్యాయి, 3,000 ఒంటెలు 6,000 అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. దీని మీద బోలెడు ప్రసంగాలు విన్నాను, దేవుడు రెండంతలు ఇస్తాడు అని చప్పట్లు కూడా కొట్టాను.

నిన్న రాత్రి పిన్ని ఫోన్ చేసి, "ఒరే, ఆ మొదటి పదిమందిని కన్న తల్లి ఏమైందిరా, దాని గురించి ఏమైనా రాశారా?" అని అడిగింది. లేదు పిన్నీ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆదివారం రమ్మంది, వాడి బండి ఇంకా స్టేషన్‌లోనే ఉందట, విడిపించి తేవాలి.