తాళం షట్టరుకే, పోస్టుకు కాదు

నెల్లూరు ట్రంకు రోడ్డు మొదలుకొని ఒంగోలు బజార్ల దాకా చిరువ్యాపారులకు ఈ మధ్య కాలం విపరీతంగా మిగిలిపోతున్నదని తెలిసి ఎంతో సంతోషించాము. నెల మొదట్లో ఒక పూట కూర్చుని ఆ నెలకు కావలసిన పోస్టులన్నీ తయారుచేసి, ఏ రోజున ఏ వేళకు ఏది వెళ్లాలో యంత్రానికి అప్పజెప్పేస్తే, తక్కిన రోజులన్నీ దుకాణదారుడు నిశ్చింతగా వ్యాపారం చూసుకోవచ్చునట. ఇన్‌స్టాగ్రామ్ తన సొంత యాప్‌లోనే 75 రోజుల ముందుగా, రోజుకు 25 పోస్టుల దాకా ఇలా వరుసబెట్టుకోనిస్తుంది, పైగా ఉచితంగా. ఆ కూర్చోవడానికి కూడా ఓపిక లేనివారికి, నెలకింతని పుచ్చుకుని ఈ పని చేసిపెట్టే ఏజెన్సీ కుర్రవాళ్లు ఉండనే ఉన్నారు. రోజుకు పాతికసార్లు లోకాన్ని పలకరించవలసిన అవసరం ఏ ఇడ్లీ బండికి ఉంటుందని మాత్రం మనం అడగరాదు.

ఈ సౌకర్యపు మహిమను మొన్న ఆదివారం కళ్లారా చూసే భాగ్యం కలిగింది. కావలి నుంచి వచ్చిన మిత్రునితో కలిసి నెల్లూరులో ఒక చేపల పులుసు మెస్‌కు వెళ్లాము. షట్టరు దించి తాళం వేసి ఉన్నది. తాళానికి సుతిలి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉన్నది. దాని మీద నీలం బాల్‌పెన్నుతో, అక్షరం అక్షరం రెండేసిసార్లు దిద్ది, "మా పెద్దమ్మ కాలం చేసినది. బుధవారం తెరుస్తాము" అని రాశారు. ఆ పెద్దావిడ ఆత్మకు శాంతి కలగాలని మేము మౌనంగా నిలబడి ఉండగా, సరిగ్గా పన్నెండు గంటలకు మిత్రుని ఫోను టింగుమన్నది. చూస్తే ఆ మెస్ వారే. "ఆకలిగా ఉందా? ఇంకా ఆలోచిస్తున్నారేం? పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది, పరుగెత్తుకొని రండి!" కింద వరుసగా నాలుగు మంటల బొమ్మలు. చావు జరిగిన ఇంటి వాకిట మంటల బొమ్మలు పెట్టడానికి మనిషికి ధైర్యం చాలదు, యంత్రానికి చాలుతుంది.

అంతలో స్కూటరు మీద మరొక దంపతులు దిగారు. ఆయన ఫోను తీసి షట్టరుకు చూపించాడు, షట్టరు సంజాయిషీ చెబుతుందన్నట్లుగా. నలుగురైదుగురు పోగయ్యారు. ఒకాయన అట్టముక్కను పైకి చదివితే మరొకాయన పోస్టును పైకి చదివాడు. ఈ రెంటిలో ఏది ప్రమాణమన్న విషయంపై నడిరోడ్డు మీద చర్చ మొదలయింది. "అట్ట ఎప్పుడు కట్టినారో ఏమో, పోస్టు ఇప్పుడే వచ్చె గదన్నా" అన్న వాదానికే మెజారిటీ దక్కింది. వెనక వైపు తలుపు తీసి ఉంటుందేమో చూసి రమ్మని ఒక కుర్రవాణ్ణి పంపారు. అతడు వట్టి చేతులతో తిరిగివచ్చాక పోస్టులోని నంబరుకు ఫోను చేశారు. యజమాని పలికాడు. "రమ్మన్నారు గదన్నా, వచ్చినాము" అని స్కూటరాయన అడిగితే, అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "ఎవురు రమ్మన్నారు సామీ, నేను బోడిగాడితోటలో ఉండాను" అన్న జవాబు వినిపించింది. శ్మశానంలో ఉన్న మనిషి చేత పులుసు సంగతి మాట్లాడించామన్న సిగ్గుతో ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడో లేదో, ఒంటిగంటకు రెండో పోస్టు దిగింది. "ఇంకా రాలేదా? మీరు లేని లోటు మాకు తెలుస్తోంది!"

నెల్లూరు చేపల పులుసు మరునాటికి రుచి పెరుగుతుందని ఇక్కడ పసివాళ్లకు కూడా తెలుసు. నెల కిందట వండి ఫోనులో దాచిన మాటకు కూడా అదే సూత్రం వర్తిస్తుందని ఈ ఏజెన్సీ కుర్రవాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు.

75 రోజుల ముందుచూపు అంటే ఏమిటో ఒకసారి లెక్క వేద్దాము. ఏప్రిల్ 1న కూర్చున్నవాడు జూన్ 15 వరకూ పోస్టులు సర్దగలడు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మైపాడులోనూ కొత్తపట్నంలోనూ మరపడవలను ఒడ్డుకు లాగి, వలలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు కూర్చుని ఉంటారు. యంత్రం మాత్రం ప్రతి శుక్రవారం "ఈ ఉదయమే పడవ దిగిన వంజరం!" అని ప్రకటిస్తూనే ఉంటుంది. ఆ వంజరం ఏ ఐసుపెట్టెలో ఎన్ని వారాలు తపస్సు చేసి వచ్చిందో అడిగితే జవాబు చెప్పేవారుండరు.

వేళ సంగతి చెప్పనే అక్కరలేదు. పోస్టులు వరుసబెట్టే వేరొక యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు టైమ్ జోన్ అన్న గడిని పట్టించుకోని ఒక బజ్జీల కొట్టు వారికి అది లాస్ ఏంజిలిస్ కాలమానంలో ఉండిపోయింది. సాయంత్రం ఆరింటికని వారు పెట్టిన మిరపకాయ బజ్జీ పిలుపు వేసవి అంతా మరునాటి ఉదయం ఆరున్నరకు, చలికాలంలో ఏడున్నరకు వెలువడుతూ వచ్చింది. పళ్లు తోముకుంటున్న జనానికి బజ్జీ చూపించడం కూడా ఒక సేవే కావచ్చు.

రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరకు వచ్చే భక్తులకు స్వాగతం పలికిన ఒక లాడ్జి వారు కిందటి ఏటి తేదీనే మళ్లీ వాడుకున్నారు. ఆ పండుగ జరిగే మొహర్రం నెలవంకను బట్టి వస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వచ్చేస్తుంది. కాబట్టి బారాషహీద్ దర్గా వద్ద జనం వెళ్లిపోయి, పందిళ్లు విప్పేసిన తరువాత స్వాగతం అందింది. ఇక ఆగస్టు 12న ఒంగోలులో బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు వారు ప్రపంచ ఏనుగుల దినోత్సవ శుభాకాంక్షలు తెలిపారు. ప్రకాశం జిల్లా ఏనుగుల్లో ఎన్నింటికి మోటారు కాలిపోయిందో విచారించవలసి ఉన్నది.

ఇంతకీ మిగిలిన కాలం ఏమవుతున్నది? మెస్ వారి పాత పోస్టుల కింద చూశాము. "మీ అభిప్రాయం కామెంటులో చెప్పండి!" అని అడిగినందుకు ఒకావిడ నిజంగానే చెప్పింది. "అన్నా, మా నాన్న సంవత్సరీకం అయిన మరునాడు నలభై మందికి పులుసు, అన్నం కావాలి, చేస్తారా, ఎంతవుతుంది?" దానికి జవాబు లేదు. దాని పైన మరో పదకొండు పోస్టులు నవ్వుతూ పడి ఉన్నాయి. చిన్న కొట్టుకు ఉన్న బలమల్లా గల్లా వెనక మనిషి ఉండడమే గదా. "అయిపోయిందమ్మా, రేపు పదకొండుకల్లా రా, తీసిపెడతా" అన్న ఒక్క మాట పెద్ద కంపెనీలు కోట్లు పోసినా పుట్టించలేవు. ఆ మాటనే తీసేసి, దాని చోట మంటల బొమ్మలు అమ్మి, ఏజెన్సీల వారు నెలనెలా డబ్బు పట్టుకుపోతున్నారు. అరువు మీద పొయ్యి వెలిగించుకునే మనిషి దగ్గర!

దీన్నైనా నవ్వి ఊరుకోవచ్చు. 2021 నవంబరులో సోమశిల నుంచి వచ్చిన నీటితో పెన్నా పొంగింది. కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జనం పసిబిడ్డలతో మిద్దెలెక్కి కూర్చున్నారు. ఫోనులో కాస్త మిగిలిన ఛార్జింగుతో అయినవాళ్ల కబురు కోసం వెతుక్కుంటున్నవారి కళ్ల ముందుకు ఒక దుకాణం పోస్టు వచ్చింది: "వానను ఆస్వాదిస్తున్నారా? ఈ చల్లని వేళ వేడివేడిగా ఏం తింటారు?" తెలియక జరిగింది అంటారు. ఏజెన్సీ బాబులూ, తెలుసుకోవలసిన పని లేకుండా చేయడమే గదా మీరు అమ్మిన సరుకు! ఊరు మునిగిపోతుంటే ఒక్కసారి ఫోను తెరిచి ఆ వరుసను ఆపడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషాన్ని కూడా ఆదా చేసి ఎవడి నెత్తిన పెడతారు?

ఇలాంటి పోస్టులు నెలవారీగా కట్టిపెట్టే ఒక ఏజెన్సీ యువకుణ్ణి ఈ విషయమే అడిగాము. తుపాను హెచ్చరిక వస్తే, దుకాణంలో చావు జరిగితే, పోస్టులు ఆపేది ఎవరని. అతడు ఎంతో మర్యాదగా లాప్‌టాప్ తిప్పి చూపించి, "సార్, ఆపడం మన బేసిక్ ప్యాకేజీలో రాదు" అన్నాడు.