సవరణ: వాంకూవర్‌లో గెలిచింది ఎన్‌పీఏ కాదు

అనంతపురం కార్పొరేషన్ ఎన్నికల మీద రాసిన పోస్టులో, ఒక్క నగరానికే పరిమితమైన పార్టీలకు ఉదాహరణగా కెనడాలోని వాంకూవర్‌ను చూపించాను. మధ్యేవాదానికి కాస్త కుడివైపు ఉండే ఎన్‌పీఏ (నాన్-పార్టిజన్ అసోసియేషన్) అనే స్థానిక పార్టీ 2022లో ఆ నగరాన్ని గెలిచిందని రాశాను. అది తప్పు. అక్కడి అధికారిక ఫలితాల ప్రకారం ఆ ఏడాది ఎన్‌పీఏకి కౌన్సిల్‌లో ఒక్క సీటూ రాలేదు. గెలిచింది ఏబీసీ వాంకూవర్ అనే మరో స్థానిక పార్టీ. మేయర్ పదవితో పాటు, కౌన్సిల్‌కు నిలబెట్టిన ఏడుగురూ నెగ్గారు.

రెండిటినీ కలిపేయడానికి కారణం కెన్ సిమ్. 2018లో ఆయన ఎన్‌పీఏ తరఫున మేయర్‌గా పోటీ చేసి కొద్ది తేడాతో ఓడారు, 2022లో ఏబీసీ తరఫున గెలిచారు. అంతకుముందే, ఎన్‌పీఏ తరఫున గెలిచిన కౌన్సిలర్లు ముగ్గురు ఏబీసీలో చేరారు. కండువాలు మార్చడం మనకు కొత్త కాదు కదా!

ఇంకో మాట. ఆ పోస్టు చదివి, ఇక్కడా మేయర్‌కు నేరుగా ఓటేయొచ్చని కొందరు అనుకున్నారు. వాంకూవర్‌లో మేయర్‌నూ, పదిమంది కౌన్సిలర్లనూ నగరమంతా కలిసి ఎన్నుకుంటుంది. అనంతపురంలో 50 డివిజన్లు. మనం ఓటేసేది మన డివిజన్ కార్పొరేటర్‌కే. మేయర్‌ను ఎన్నుకునేది ఆ కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యే, ఎంపీల్లాగా పదవి రీత్యా సభ్యులయ్యేవారు).